ఏతమెక్కిన డాక్టరు

కళాధర్ పట్నంలో పేరున్న మెదడు డాక్టరు. అన్నీ వదిలేసి, కొండ కింద బౌద్ధ విహారంలో గుండు చేయించుకుని చేరాడు. గుండైతే నున్నగా అయింది గానీ, లోపలి డాక్టరు ఎక్కడికి పోతాడు!

పున్నమి సాయంత్రం భిక్షువులందరి ముందు సూత్రం మొత్తం తడుముకోకుండా అప్పజెప్పితేనే దీక్ష. తడబడితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. అందుకని అతను నిద్రకు సెలవిచ్చేసి, రాత్రుళ్లు కూర్చుని ఒకటే వల్లించాడు. తీరా పున్నమి పొద్దున చూసుకుంటే, మొన్నటిదాకా గడగడా వచ్చిన గాథలు కూడా సగంలో మాయం.

గురువు సుమన భంతే తోటలో వంగ మొక్కల దగ్గరున్నాడు. కళాధర్ వెళ్లి నిలబడ్డాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"కాసేపు పడుకోకూడదా నాయనా?"

"అక్కర్లేదు భంతే. మెదడులో మేలుకొలిపే కణాలు వేరు, నిద్రపుచ్చే కణాలు వేరు. ఇవి లేస్తే అవి అణుగుతాయి. ఆ సంగతంతా నాకు కొట్టిన పిండి. లేచినవాటిని దిగనివ్వకుండా పట్టుకుంటే చాలు."

"భేష్! అయితే ఏతం ఎక్కు."

తోట బావిలోంచి నీళ్లు తోడే ఆ ఏతం దూలం మీద మనిషి ముందుకు నడిస్తే, కొసకు కట్టిన బాన బావిలోకి దిగుతుంది. వెనక్కి నడిస్తే నిండి పైకొస్తుంది. కళాధర్ నడిచాడు. పైకొచ్చిన బానను భంతే పట్టుకుని కాలువలోకి వంచాడు.

"ఇక అక్కడే ఉండు. బానను దిగనివ్వకు."

ఉన్నాడు. కాలువలో నీళ్లు ఇంకిపోయాయి. ఖాళీ బాన గాల్లో ఊగుతోంది. భంతే మాత్రం బావి గట్టున చేతులు చాచి, నీళ్లకోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

డాక్టరుకి ఒళ్లు మండింది. "ఇదేం చోద్యం భంతే! దించకుండా నీళ్లెక్కణ్నుంచి వస్తాయి?"

భంతే అతనివంక చూశాడంతే.

కళాధర్ ఒకసారి ఖాళీ బాన వంక చూసుకున్నాడు. మెల్లగా దూలం దిగి, పనసచెట్టు నీడలో పై వస్త్రం పరుచుకున్నాడు. తల ఆనీ ఆనకముందే గురక మొదలైంది.

మధ్యాహ్నం దాటింది. తోటి శ్రమణుడు ఒకడు హడావిడిగా వచ్చాడు.

"అయ్యో, పొద్దు వాలుతోంది! ఒక్కసారైనా వల్లె వేసుకోకపోతే ఎలాగ? లేపమంటారా భంతే?"

గురక ఎప్పుడో ఆగిపోయింది. మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ చకచకా కదులుతున్నాయి. పెదవులు కూడా సన్నగా కదిలాయి.

"లేపకు," అన్నాడు భంతే. "తోడుకుంటున్నాడు."