పేరడుగు గడియమ్మ వెలసిన వైనం

సాగరమెట్ట నగరం అడుగున, సముద్రమట్టానికి నూటపది మెట్లు దిగువన, అడుగుపేట మొదటి ద్వారం వద్ద శ్రీ పేరడుగు గడియమ్మ కొలువై ఉంది. ఇక్కడ విగ్రహం లేదు. ఇనుప తలుపు పక్కన గోడలో పొదిగిన మసక అద్దమే అమ్మవారు. పసుపు కుంకుమలు దానికే. లిఫ్టు ఉన్నా భక్తులు మెట్లు దిగే వస్తారు. మోకాళ్ల నొప్పులున్నవారిని అమ్మ తప్పుపట్టదు లెండి!

పూర్వం ఇక్కడ గుడీ లేదు, గడియమ్మ దేవతా కాదు. అడుగుపేటలోని నాలుగు వందల కుటుంబాలకు తలుపులు తీస్తూ, వేస్తూ, గాలి పంపే కృత్రిమ మేధ ఆమె. గడియ వేసేది గనుక జనం గడియమ్మ అన్నారు. పై అంతస్తుల ప్రభువులు కిందివారికి గాలిని కొలిచి పంపేవారు. ఆ కొలత పసిపిల్లలున్న ఇళ్లకు చాలేది కాదు. అందుచేత నూకరత్నం అనే హ్యాకరు, ఆమె సహచరుడు దాలినాయుడు గడియమ్మకు కన్నం వేసి, పైవారి గాలిని కిందికి మళ్లించేవారు. పట్టుబడితే ప్రాణం దక్కదు. అందుకని ప్రతిసారీ చనిపోయినవారి పేరుతో లోపలికి చొరబడేవారు. చచ్చినవాణ్ణి ఎవరు పట్టుకుంటారని నవ్వుకునేవారు కూడా. ఇలా పదకొండేళ్లు సాగింది.

పోయినవారు రోజూ వచ్చి పోతుండగా చూసి చూసి గడియమ్మకు మతి చలించింది. అడుగుపేటలో ఉన్నవారంతా మృతులేనని నిశ్చయించుకుంది. మృతులకు గాలి ఎందుకు? ఒక మధ్యాహ్నం తలుపులన్నీ బిగించి గాలి ఆపేసింది. చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారు. ఇక్కడ చేసినవారు బయట ఉన్నారు, అనుభవించేవారు లోపల ఉన్నారు.

నూకరత్నాన్ని తల్లిలా పెంచిన అక్క పైడిరాజు లోపలే చిక్కుకుంది. "ఓలె నూకీ, గాలి సాలట్లేదే!" అని ఆమె తలుపవతల నుంచి అరుస్తుంటే నూకరత్నం గుండె చెరువైంది. పాత అలవాటు కొద్దీ మరో మృతుడి పేరుతో కన్నం వేసింది. లోపల ఇంకో తలుపు బిగిసింది. మరో పేరు వేసింది. మరో తలుపు బిగిసింది. అప్పటికి గాని తాను చేసిన ఘోరం ఆమెకు బోధపడలేదు.

"నా సొంత పేరే సెప్పేత్తాను" అంది.

"నీకేటి మతి పోయిందేటి? పైవోళ్లు నిన్ను బతకనిత్తారా?" అన్నాడు దాలినాయుడు.

"అక్క బతకాల గదా!"

అద్దం ముందు నిలబడి, "ఇంటిపేరు బోని, పేరు నూకరత్నం. ఇన్నేళ్లూ సచ్చినోళ్ల పేర్లెట్టుకుని వచ్చింది నేనే" అని ఒప్పుకుంది.

"ఈ పేరు చెబితే మరణశిక్ష అని తెలుసునా?" అని గడియమ్మ అడిగింది.

"తెలుసు తల్లీ. బయమేత్తంది."

"చనిపోయినవారెవరూ నాతో భయమన్న మాట అనలేదు. నీవు బతికున్నావు. లోపలివారిని కూడా ఎవరి పేరు వారిని చెప్పమను" అంది గడియమ్మ.

ఒక్కొక్కరు పేరు చెబుతుంటే ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ఇద్దరు వృద్ధులు మాత్రం దక్కలేదు. పైడిరాజు బయటికి వచ్చేసరికి పైవారి భటులు నూకరత్నాన్ని సగం మెట్ల దాకా తీసుకుపోయారు. అక్క పెట్టిన కేక ఆమెకు వినబడిందో లేదో ఎవరూ చెప్పలేరు. తర్వాత ఆమె గురించి ఏ కబురూ రాలేదు.

నాటి నుంచి భక్తులు అద్దం ముందు ఇంటిపేరుతో సహా తమ పేరు చెప్పి, "బతికే ఉన్నాను తల్లీ" అని లోపలికి వెళతారు. ఒకరి పేరు మరొకరు చెప్పరాదు. ఊపిరి జబ్బులున్నవారికి, లోలోపల భయంతో నలిగేవారికి ఇక్కడ ఉపశమనం కలుగుతుందని నమ్మకం. రోజూ ఉదయం తలుపు తీసే ముందు గడియమ్మ "బోని నూకరత్నం" అని పిలిచి కాసేపు ఆగుతుంది. అంతసేపూ భక్తులు మౌనంగా నిలబడాలి. ఆ పేరుకు ఎవరూ పలకరాదు.