రాజుగారి ముఖం దిద్దిన ఎల్లమంద

కోట చిన్నదీ, గొప్పలు పెద్దవీ అయిన ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు పాలించేవాడు. ఆయనకు ఒక వింత జబ్బు. ఎటు చూసినా తన ముఖమే కనిపించేది. మబ్బులో తన మీసం, మాడిన అట్టు మీద తన కళ్లు, గోడ పెచ్చు ఊడితే అందులో తన గడ్డం.

ఆ జబ్బు కుదర్చవలసిన మంత్రి పద్మగుప్తుడే దాన్ని పెంచి పోషించాడు. "ప్రభువుల తేజస్సు రోజురోజుకూ పెరుగుతోంది. అందుకే లోకమంతటా దాని ముద్ర పడుతోంది" అనేవాడు. ఒకసారి వంటింటికి వచ్చిన గుమ్మడికాయలో రాజుగారి పోలిక ఉందని దాన్ని కొలువులో పీట మీద పెట్టించాడు. అది కుళ్లి కారేదాకా కొలువంతా ముక్కులు మూసుకుని దానికి దండాలు పెట్టింది. బాగా చదువుకున్నవాళ్లే ముందు వరసలో నిలబడ్డారు.

అంతటితో ఆగితే బాగుండేది. ఒకనాడు వేట నుంచి తిరిగి వస్తూ మంత్రి ఊరి బయటి నల్లగుట్టను చూపించాడు.

"ప్రభూ, అవిగో తమ కళ్లు! అదిగో ముక్కు! కింద తమ నోరు!"

రాజు పొంగిపోయి మర్నాడే దండోరా వేయించాడు. నల్లగుట్ట మీద ఎవరూ ఉలి పెట్టరాదు. అందులో రాజుగారి ముఖం కనబడలేదన్నవాడికి దేశబహిష్కారం.

ఆ గుట్టను నమ్ముకుని నలభై కుటుంబాలు రోళ్లూ తిరగళ్లూ చేసి బతుకుతున్నాయి. వారి పెద్ద ఎల్లమంద. ఆ కళ్లు ఏమిటో అతనికి తెలుసు. రెండు రోళ్లకు రాయి తీసిన గుంటలవి. ఆ నోరు, మంత్రిగారి పెరట్లో మెట్టుకు రాయి తీసిన చోటు.

పది రోజులకు పొయ్యిలు ఆరిపోయాయి. "ఏం మావా, ఆ ముఖాన్ని చూస్తా కూచుంటే పిల్లల కడుపులు నిండుతాయా?" అంది భార్య పోలమ్మ.

"ముఖం లేదంటే ఊరు వదలాలి. ఉందంటే పని వదలాలి" అన్నాడు ఎల్లమంద. మర్నాడు తలపాగా చుట్టుకుని కోటకు బయలుదేరాడు.

"ఏరా, గుట్టలో మా ముఖం కనిపిస్తోందా?" అన్నాడు రాజు, అతను దండం పెట్టీ పెట్టకముందే.

"కనిపించకేం ప్రభూ! కానీ ఒక లోపం ఉంది. చెప్పాలంటే భయంగా ఉంది."

"భయం లేదు, చెప్పు."

"ఆ ముఖం నిరుటిది ప్రభూ. తమ తేజస్సు రోజురోజుకూ పెరుగుతోందని మంత్రిగారే సెలవిస్తారు. గుట్టేమో ఎక్కడిది అక్కడే ఆగిపోయింది. పరాయి దేశం వాడెవడైనా చూసి, ఈ రాజుగారు ఇంతేనా అనుకుంటే?"

రాజు ముఖం వాడిపోయింది. మంత్రి వైపు చూశాడు. తేజస్సు పెరగడం లేదని అనగలడా మంత్రి? "నిజమే ప్రభూ" అని నసిగాడు.

"మరి దారేమిటి?"

"సెలవిస్తే రోజూ కాస్త కాస్త చెక్కి, తమ నేటి ముఖానికి సరిపోయేలా దిద్దుతాం. కూలి వద్దు. రాలిన రాయి మాకు వదిలేస్తే చాలు. సగం దిద్దిన ముఖాన్ని మాత్రం ఏలినవారు చూడకూడదు."

రాజు సరేనన్నాడు. మర్నాటి నుంచి దిద్దడం మొదలైంది. ముక్కు దిద్దితే తిరగళ్లు వచ్చాయి. చెంపలు దిద్దితే గడపరాళ్లు వచ్చాయి. నుదురు దిద్దిన నెలలో బండ్ల నిండా రోళ్లు సంతకు వెళ్లాయి. నలభై ఇళ్లలోనూ పొయ్యిలు వెలిగాయి. దారిన పోయే ఉద్యోగులంతా దండోరా గుర్తుచేసుకుని, మిగిలిన రాళ్లకు దండం పెట్టి, "పోలిక బాగా కుదురుతోంది ప్రభూ" అని కోటలో చెప్పేవారు. రెండేళ్లు తిరిగేసరికి గుట్ట పోయి గొయ్యి మిగిలింది.

అప్పుడు రాజుకు ఓపిక నశించింది. కొలువంతటినీ వెంటబెట్టుకుని వచ్చాడు. చూస్తే వాననీరు నిలిచిన గొయ్యి. మధ్యలో బురదలో ఒక గేదె.

"ఒరే ఎల్లమందా! నా ముఖం ఏదిరా?" అంటూ కత్తి మీద చెయ్యి వేశాడు.

ఎల్లమంద చేతులు జోడించాడు. "నేను చదువులేనివాణ్ణి ప్రభూ. దాన్ని కనిపెట్టిన కళ్లు మంత్రిగారివి. వారినే అడగండి."

మంత్రి గోతి వైపు చూశాడు. రాజు వైపు చూశాడు. దేశబహిష్కారం గుర్తొచ్చింది.

"ఆహా ప్రభూ! ఇంత స్పష్టంగా ఎన్నడూ లేదు!"

"ఏమి గాంభీర్యం! ఏమి తేజస్సు!" అని వెనకనున్న పండితులు అందుకున్నారు.

"ఎక్కడ?" అన్నాడు రాజు.

మంత్రి వేలు గోతిలో అటూ ఇటూ తిరిగి, ఆగడానికి చోటు దొరక్క గేదె మీద ఆగింది. "అదిగో ప్రభూ, మధ్యలో."

గేదె తలెత్తి చూసి, నెమరు వేసింది. పండితులు దానికి వంగి దండం పెట్టారు.

రాజు గేదెనూ పండితులనూ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత నవ్వు మొదలైంది. కిరీటం చేత్తో పట్టుకోవలసి వచ్చింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "లేని ముఖాన్ని ఇంత బాగా చూసేవాళ్లు, ఉన్న ముఖాన్ని ఏనాడైనా చూశారా?" అన్నాడు.

"ఎల్లమందా, నువ్వు చెప్పు. మొదట్లో ఆ గుట్టలో నీకు నా ముఖం నిజంగా కనిపించిందా?"

"దండోరా తీయిస్తే చెబుతాను ప్రభూ."

"తీసేశాను. చెప్పు."

"మాకు ఆ గుట్టలో ఎప్పుడూ ఆ పూట గంజే కనిపించేది. వేరే ముఖాలు చూసే తీరిక ఎక్కడిది?"

రాజు మళ్లీ నవ్వాడు. ఈసారి కాస్త సిగ్గుతో నవ్వాడు. తన చేతి కడియం తీసి ఎల్లమందకు తొడిగి, పక్కనున్న ఎర్రగుట్టను ఆ నలభై కుటుంబాలకూ రాసిచ్చాడు. ఆ గుట్ట వైపు మంత్రి కన్నెత్తి చూడరాదని అక్కడికక్కడే ఉత్తరువు వేశాడు.