తలుపు పాట

ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు పాస్టరు జ్ఞానానందం అయ్యగారికి లేదు. కళ్లజోడు తీసి, పైపంచెతో తుడుచుకుని, "చూద్దాం" అంటారు. సువార్త పని నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరిన తీతు ఈ రెండేళ్లలో ఆ మాట నూరుసార్లయినా విని ఉంటాడు. అయినా ఆ శనివారం మళ్లీ అడిగాడు. అడగకుండా ఉండలేకపోవడం అతని అలవాటు.

"అయ్యగారూ, చదవబోయే వాక్యానికి ఏ పాట తగునో ఎలా తెలుస్తుంది?"

"చూద్దాం," అన్నారు అయ్యగారు. "రేపటి పాటలు నువ్వే ఎంచు."

తీతుకు రెక్కలొచ్చాయి. మర్నాడు చదవాల్సింది, చెరసాలలో ఉన్న పేతురును దేవదూత విడిపించిన భాగం. పాటల పుస్తకం చివర ఉన్న సూచిక ముందేసుకుని, మాట మాటకూ ఒక పాట వెతికాడు. సంకెళ్లకు ఒకటి దొరికింది. దూతకు ఏడు దొరికితే, వాటిలో బాగా ఎత్తుకుని పాడే వీలున్నది ఉంచుకున్నాడు. తలుపుకు బంగారంలాంటి పాట దొరికింది. తట్టేవాడి స్వరం వినండి, జాగు చేయక తలుపు తీయండి అంటూ ఆరు చరణాలు. ఇనుప గేటుకు మాత్రం ఎంత వెతికినా దొరక్క కాస్త నొచ్చుకున్నాడు. పాటల అంకెలు బోర్డు మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, పెళ్లికొడుకును చూసుకున్నట్టు ఆ బోర్డును చూసుకున్నాడు.

ఆ వాక్యం చదవాల్సిన మనిషి పరంజ్యోతమ్మ. వరినాట్లకు వెళ్లే ఆవిడ యాభై ఎనిమిదో ఏట, మధ్యాహ్నాలు అయ్యగారి భార్య దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకుంది. గుడిలో నలుగురి ముందూ నిలబడి చదవడం ఇదే మొదటిసారి. నెల రోజులుగా ఇంట్లో ఆ ఒక్క భాగమే చదువుతుంటే, వాళ్ల గేదెకు కూడా పేతురు సంగతంతా కంఠతా వచ్చేసి ఉంటుందని తోటి ఆడవాళ్లు ఆటపట్టించారు. ఆ గుడిలో ఒక కట్టుబాటు ఉంది. వాక్యానికి ముందు పాడే పాట ముగిసే వేళకు చదివే మనిషి రాకపోతే, సంఘపెద్ద కొర్నేలు గారు చదివేస్తారు. తప్పిపోయిన వంతు మళ్లీ రావాలంటే ఏడాది ఆగాలి.

ఆదివారం పొద్దున్నుంచీ ఒకటే వాన. పెద్ద తలుపులోంచి జల్లు హార్మోనియం దాకా కొడుతుంటే, తీతు తానే వెళ్లి తలుపు మూసి గడియ పెట్టాడు, కిటికీలు కూడా బిగించాడు. రావాల్సినవాళ్లంతా వచ్చారు, పరంజ్యోతమ్మ తప్ప.

దూత పాట అయింది. తలుపు పాట మొదలైంది. ఆరో చరణం దగ్గర పడుతుండగా కొర్నేలు గారు జేబులోంచి కళ్లజోడు తీశారు. తీతు తలుపు వైపు చూశాడు. నెల రోజులు చదివిన మనిషి, వానకు జడిసి ఎక్కడ ఆగిపోయిందో! డోలక్ అబ్బాయికి సైగ చేసి మళ్లీ పల్లవి ఎత్తుకున్నాడు. వీధిలో ఉంటే వినపడి అడుగు త్వరగా వేస్తుందని, గొంతు పెంచాడు. రెండోసారి ఆరు చరణాలూ అయ్యాయి. కొర్నేలు గారు దగ్గారు. తీతు వినపడనట్టే మూడోసారి అందుకున్నాడు. ఈసారి కంజీర కూడా కలిసింది, ఆడవాళ్ల చప్పట్లూ కలిశాయి. వానకు ఓర్చుకున్న రేకుల కప్పు ఆ పాటకు ఓర్చుకుంటుందో లేదో అన్నట్టుంది.

అయ్యగారు చెయ్యెత్తారు. పాట ఆగింది.

బయట వాన చప్పుడు. ఆ చప్పుడులో ఇంకొక చప్పుడు, తలుపు మీద.

"పాట బాగుంది తీతూ," అన్నారు అయ్యగారు. "వాక్యం బయట తడుస్తున్నట్టుంది. తలుపు తియ్యి."

తీతు పరుగెత్తి గడియ తీశాడు. గుమ్మంలో పరంజ్యోతమ్మ. నెత్తిన యూరియా సంచి గొంగళిలా వేసుకుంది, చీర అంచుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి గుండెకు హత్తుకున్న పుస్తకం మాత్రం పొడిగా ఉంది.

"ఎప్పుడొచ్చారమ్మా?"

"మొదటిసారి రెండో చరణంలో బాబూ. తట్టీ తట్టీ చేతులు పీకాయి. జాగు చేయక తీయండని మీరే పాడతారు, తీసే నాథుడు లేడు. ఏం చేసేది? రెండోసారికి నేనూ గొంతు కలిపాను."

"మీకు వినపడాలనే గట్టిగా పాడించానమ్మా."

"వినపడింది నాయనా. ఏటవతలి ఊరికీ వినపడే ఉంటుంది."

కొర్నేలు గారు కళ్లజోడు తిరిగి జేబులో పెట్టుకున్నారు. పరంజ్యోతమ్మ ముందుకు వెళ్లి నిలబడి, వరుస కింద వేలు పెట్టి, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ చదివింది. సంకెళ్లు ఊడాయి. ఇనుప గేటు దానంతటదే తెరుచుకుంది. విడుదలైన పేతురు, తన కోసమే అందరూ కూడి ప్రార్థన చేస్తున్న ఇంటికి వచ్చి తలుపు తట్టాడు. రొదే అనే చిన్నది అతని గొంతు గుర్తుపట్టి, పట్టరాని సంతోషంలో తలుపు తీయడం మరిచి లోపలికి పరుగెత్తింది.

అక్కడ పరంజ్యోతమ్మ ఆగిపోయింది. నెల రోజులు చదివిన మాటలే. తల ఎత్తి, హార్మోనియం దగ్గరున్న తీతు వైపు చూసింది.

ముందు ఆడవాళ్ల చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత గుడంతా ఘొల్లుమంది. గుడిలో నవ్వగా ఎవరూ చూడని కొర్నేలు గారి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. తీతు చెవులు ఎర్రబడ్డాయి, ఆపైన అతనికీ నవ్వు ఆగలేదు. పరంజ్యోతమ్మ తడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వింది గానీ, వేలు మాత్రం ఆ వరుస మీద నుంచి తీయలేదు. నవ్వు తగ్గాక, అక్కడి నుంచే అందుకుని, తప్పు పోకుండా చివరిదాకా చదివి పుస్తకం మూసింది.

మూసీ మూయగానే ఆడవాళ్లు ఆవిడ చుట్టూ మూగారు. ఒకరు తల తుడుస్తున్నారు, ఒకరు బుగ్గలు పుణుకుతున్నారు, నవ్వు మళ్లీ మొదలైంది. తీతు మెల్లగా అయ్యగారి పక్కకు చేరి, చెవిలో అడిగాడు.

"వాక్యం తరవాత సంకెళ్ల పాట పెట్టానండీ. ఎత్తుకోమంటారా?"

అయ్యగారు ఆ గుంపు వైపు చూస్తూ అన్నారు: "ఆగు నాయనా. వాళ్లు ఇంకా పాడుతున్నారు కదా."