కుదరదన్న బోర్డు

కోటిలింగం మాస్టారికి ఒక అలవాటు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని జరిగేదాకా ఊరుకుంటారు. తెనాలిలో రేడియోలు బాగుచేసిన రోజులనుంచీ అంతే. ఆ సాయంత్రం నాటకం రిహార్సలుకు ముందు శిష్యురాలు హైమావతి అడిగింది:

"మాస్టారూ, ఆజ్ఞ ఇచ్చేది నా వెబ్‌పేజీ. చెయ్యాల్సింది మోటారు నడిపే బోర్డు. కాదనే అధికారం దానికెందుకిచ్చారు?"

మాస్టారు విననట్టే తాడు ముడి చూసుకున్నారు.

మా నాటక సమాజంలో గంధర్వుణ్ని నేను. నలభై ఏళ్లలో నేలమీదకంటే గాలిలోనే ఎక్కువ తిరిగాను. నేను ఎగరడం చూసి గద్దలు సిగ్గుపడి జిల్లా దాటిపోయాయి. ఇదివరకు నన్ను ఎనిమిదిమంది తాడుపట్టి లాగేవారు, ఇప్పుడు మోటారు లాగుతోంది. పక్కతెర వెనక ల్యాప్‌టాప్‌లో హైమ తన వెబ్‌పేజీమీద 'పైకి' అనే బటన్ నొక్కితే, ఆ మాట సీరియల్ తీగ వెంట అక్షరం వెనక అక్షరంగా పోయి, మోటారు దగ్గరున్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు, అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరుకు చేరుతుంది. అది "చిత్తం" అని తెరమీద బదులిచ్చి నన్ను లేపుతుంది. నాటకంలో భటులు పలికే మాట అది, మాస్టారు సరదాపడి దానికి నేర్పారు.

మర్నాటి ఆటకు ముఖ్య అతిథి వస్తున్నారని, గంధర్వుడు దూలం దాటి మాయమవ్వాలని మా యజమాని రంగరాజు పట్టుబట్టారు. రిహార్సల్లో తానే కూర్చుని నొక్కారు. చిత్తం. చిత్తం. చిత్తం. ఇరవై అడుగులు లేచాను. కిందినుంచి కొలిచినవాళ్ల లెక్క అది, నా లెక్కన అరవై. కిరీటానికీ దూలానికీ జానెడు ఎడం ఉందనగా పైన హద్దుగా పెట్టిన స్విచ్చి నొక్కుకుంది. మోటారు ఆగింది. తెరమీద "కుదరదు" అని పడింది. ఆయన వెయ్యిసార్లు నొక్కారు. వెయ్యిసార్లూ కుదరదు.

బోర్డు ప్రోగ్రాంలో ఆ అడ్డు తీసేసి మళ్లీ ఎక్కించమని, లేకపోతే రేపటినుంచి రానక్కర్లేదని ఆయన హైమతో అన్నారు. ఆమె జీతంమీదే వాళ్ల ఇల్లు నడుస్తోందని మాకందరికీ తెలుసు. హైమ తలెత్తి నావైపు చూసింది. దూలాన్ని తలతో చీల్చుకుపోతాను, నాకోసం ఆలోచించకమ్మా అని గర్జించబోయి, ఎందుకో తాడును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

హైమ తీగ పీకి ఆయన చేతిలో పెట్టింది.

"ఇక మీరే నోటితో చెప్పి చూడండి, వింటుందేమో."

బోర్డుకు కరెంటు వేరే ఉంది. పేజీనుంచి పలుకు ఆగితే మనిషిని దించెయ్యాలన్నది మాస్టారి ఏర్పాటు. అది నన్ను మెల్లగా నేలమీద నిలబెట్టింది. సింహంలా దిగాను, దిగగానే నేలను కావలించుకున్నానన్నది గిట్టనివాళ్ల మాట.

రంగరాజు మాస్టారిమీద విరుచుకుపడ్డారు, చిత్తం అనాల్సినదానికి ఎదురాడటం నేర్పిందెవరని. మాస్టారు ఆయనవైపు చూడనేలేదు. సంచి సర్దుకుంటున్న హైమ దగ్గరికి వెళ్లారు.

"చిత్తం అనాలన్నా, ముందు చిత్తమంటూ ఒకటి ఉండాలి కదమ్మా."