రాయలవారి పంచె, నీలాచలమ్మ సైకిలు

నాగవలస సంస్థానం రాజావారికి ఏదైనా సరదా పుట్టిందంటే అది తీరేదాకా అన్నం సయించదు. ఈసారి సైకిళ్ళ సరదా పుట్టింది. విశాఖపట్నం వర్తకుడు మచ్చుకి పంపిన రెండు సైకిళ్ళనీ దర్బారులోకి తెప్పించారు.

"ఊరి అవసరాలకి పన్నెండు కొంటాను. ఏ రకం కొనాలో, ఎవరికివ్వాలో మీరే తేల్చండి" అన్నారు.

ఒకటి ఎర్రది. సన్నటి చక్రాలు, కిందికి వంగిన హ్యాండిలు, అద్దంలా మెరిసే రంగు. స్టాండు లేదు కాబట్టి ఒక బంట్రోతు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. రెండోది నల్లది. గట్టి ఉక్కు గొట్టాలు, వెడల్పు టైర్లు, రెండు చక్రాలకీ మడ్‌గార్డులు, చైను మీద నిండా రేకు తొడుగు, ముందు బుట్ట, వెనక క్యారేజీ. తన స్టాండు మీద తనే నిలబడి ఉంది.

అశ్వశాల అధికారి వల్లభరాయలు లేచాడు. కాళ్ళ మీద నడిచేదైనా చక్రాల మీద దొర్లేదైనా తనకి తెలియనిది లేదని ఆయన నమ్మకం.

"ఎర్రది పంచకళ్యాణి గుర్రం ప్రభూ. నల్లది గానుగెద్దు. పన్నెండు ఎర్రవి మా రౌతులకిప్పించండి. దసరా ఊరేగింపులో ఏనుగు ముందు వరసగా నడిపిస్తాను."

రాజావారికి ఊరేగింపులంటే ప్రాణం. తల ఊపబోయారు.

వెనక వరసలో అంతఃపురం మంత్రసాని నీలాచలమ్మ నిలబడి ఉంది. ఆమె చేతికింద ఇంకో పదకొండుమంది మంత్రసానులున్నారు. అందరూ పేటలన్నీ కాలినడకనే తిరుగుతారు. మొన్న బెస్తవాడ నుంచి కబురొస్తే, ఆమె రొప్పుతూ చేరేసరికే బిడ్డ పుట్టేసి మేనత్త చేతుల్లో కేరుమంటున్నాడు. ఆ రోజుకి గండం గడిచింది. ప్రతిసారీ గడుస్తుందని ఏముంది? ఏనుగు ముందు సైకిళ్ళు లేకపోతే మాత్రం ఎవరి ప్రాణమూ పోదు.

ఆమె ముందుకొచ్చి దణ్ణం పెట్టింది. "ప్రభూ, ఆ నల్లవి పన్నెండూ మా మంత్రసానులకిప్పించండి."

రాయలు పకపకా నవ్వాడు. "చీర కట్టుకుని సైకిలెక్కుతావుటమ్మా?"

"మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకునేటప్పుడే ఎక్కాను బాబూ. అక్కడి దొరసానమ్మ నేర్పింది."

రాజావారికి హుషారు వచ్చింది. "అయితే పందెం. రేపు పొద్దున్న ఇద్దరూ తూర్పు దర్వాజా నుంచి బజారు మీదుగా దర్బారుకి రండి. ఎవరు బాగా వస్తే వారి మాటే నెగ్గుతుంది."

నీలాచలమ్మ వినయంగా అంది. "అలాగే ప్రభూ. కానీ రాయలవారు పెద్దవారు. ఆయన్ని నిక్కరు తొడుక్కుని రానివ్వండి. మోకాళ్ళు కనబడినా ఎవరూ నవ్వకూడదని ముందే దండోరా వేయించండి."

రాయలు మొహం ఎర్ర సైకిలు రంగుకి తిరిగింది. "నిక్కరా? నేనా? మా వంశంలో దర్బారు దుస్తులు లేకుండా ఈ గడప తొక్కినవాడు లేడు. పదిమూరల పట్టుపంచె, జరీ కండువా, తలపాగాతోనే వస్తాను."

"పోనీ, కుచ్చిళ్ళయినా కాస్త పైకి దోపుకోండి బాబూ."

"ఒక్క కుచ్చు దోపినా నేను ఓడినట్టే. రాసుకోండి."

దర్బారు లేఖకుడు రాసుకున్నాడు.

దర్బారు జరిగే రోజు దుమ్ము లేవకుండా బజారంతా నీళ్ళు చల్లడం ఆ ఊళ్ళో రివాజు. మర్నాడు ఆ తడి దారినే నీలాచలమ్మ నడుం నిటారుగా పెట్టుకుని, ఎడ్లబళ్ళకి గంట కొట్టుకుంటూ తొక్కింది. మధ్యలో కంసాలి వీధిలో దిగి ఒక బాలింతని చూసింది. సంతలో వీసెడు వంకాయలు బేరమాడి బుట్టలో వేసుకుంది. దర్బారు మెట్ల దగ్గర స్టాండు వేసి లోపలికి వచ్చేసరికి చీర అంచు మీద బురద చుక్క లేదు.

రాయలు రాలేదు. రాజావారు రెండుసార్లు తాంబూలం వేసుకున్నారు. అప్పటికీ రాలేదు.

మూడో తాంబూలం చుడుతుండగా వచ్చాడు. తలపాగా చెవి మీదికి జారింది. నడుం నుంచి మెడ దాకా వీపు మీద నిలువునా బురద చార. ఎర్ర సైకిలు భుజం మీద ఉంది.

"అదేమిటి రాయలూ, భుజాన పెట్టుకొచ్చారు?"

రాయలు తడుముకోలేదు. "ప్రభువులకి దీని గొప్పతనం చూపిద్దామని. ఎంత తేలికో చూడండి. సగం బజారు నుంచి ఒంటి భుజాన మోసుకొచ్చాను. ఆ నల్లదాన్ని ఇలా మోయమనండి చూద్దాం."

సభలో కొందరు తలలు ఊపారు. రాజావారు కూడా ఆలోచనలో పడ్డారు. "అవునే. దీనికేమంటావు నీలాచలమ్మా?"

నీలాచలమ్మ చూపు ఎర్ర సైకిలు చైను మీదే ఉంది.

"నిజమే ప్రభూ. మనం మోయడానికైతే రాయలవారి సైకిలే మేలు. మాకు మమ్మల్ని మోసేది కావాలి."

సభ గొల్లుమంది. రాజావారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, పన్నెండు నల్ల సైకిళ్ళు మంత్రసానులకని అక్కడికక్కడే ఉత్తరువు రాయించారు. మెళ్ళో ముత్యాలహారం తీసి నీలాచలమ్మ చేతికిచ్చారు.

"ఇక దాన్ని దించి కూర్చోండి రాయలూ."

"పర్లేదు ప్రభూ. ఇలాగే బాగుంది."

"దించమంటున్నానా?"

రాయలు కదల్లేదు. అప్పుడు చూశారు అందరూ. పట్టుపంచె మూరన్నర దాకా చైనులోకి చుట్టుకుపోయి, మిగతాది బిగుసుకుని ఉంది. సైకిల్ని వదిలేస్తే పంచెనీ వదిలేయాలి.

నీలాచలమ్మ మంత్రసాని సంచీ విప్పుతూ ఆయన దగ్గరికి నడిచింది.

"కంగారు పడకండి బాబూ. మీకోసమని పొద్దున్నే కత్తెర సానపట్టించి తెచ్చాను."