కొమ్మ మీది గూడు, కింద పెత్తనం

అనగనగా ఒక అడవి, పిల్లలూ. దాని గోల తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చెప్తాను వినండి.

ఆ అడవిలో ఒక గువ్వ ఉండేది. పాపం, దానికి గూడు అల్లడం రాదు. నాలుగు పుల్లలు పేర్చి గుడ్లు పెట్టేది. గాలి వీస్తే అవి జారి పడిపోయేవి. పక్క చెట్టు మీద గిజిగాడు. అల్లికలో వాడికి సాటి లేదు. కానీ అల్లడం మొదలుపెడితే గింజలు ఏరుకునే తీరికే ఉండదు.

"గింజలిచ్చి గూడు తీసుకోవచ్చుగా?" అంటారు. తీసుకోవచ్చు! కానీ అక్కడొక ఆచారం. గూడైనా గింజైనా కిందికి దించి ఏలిక ముందు పెట్టాలి. ఎవరికేది దక్కాలో ఆయనే చెబుతాడు.

అప్పటి ఏలిక నక్క. గిజిగాడు గువ్వ కోసం అల్లి దించిన గూడును అటూ ఇటూ తిప్పి చూసి, తన బావమరిదికి పరుపుగా ఇచ్చేసింది. గాలి వీచింది. గువ్వ గుడ్లు పగిలాయి.

"నక్క పోవాలి, తోడేలు రావాలి!" అని పక్షులన్నీ గొంతులు చించుకున్నాయి. తోడేలు వచ్చింది. గూళ్ళన్నీ ఒకే కొలతలో ఉండాలంది. గట్టిదో కాదో చూస్తానని పంజాతో నొక్కింది. గూడు చిరిగింది. గుడ్లు మళ్ళీ పోయాయి.

"తోడేలు పోవాలి, నక్క రావాలి!" మళ్ళీ అదే నక్క, తలకు కొత్త పాగా! జెండాలు మోసి మోసి పక్షుల రెక్కలు పడిపోయాయి. ఇంతలో వానలు ముంచుకొచ్చాయి. గువ్వ మళ్ళీ గుడ్లు పెట్టింది.

"ఊరేగింపుకు రావే" అని కాకి పిలిచింది.

గువ్వకు చిర్రెత్తుకొచ్చింది. "రాను పో! వాన వస్తే నా గుడ్లేం కావాలి?" అని తిన్నగా గిజిగాడి దగ్గరికి ఎగిరింది.

"అన్నా, నీకు గింజలు కావాలి, నాకు గూడు కావాలి. మధ్యలో వీళ్ళెవరు? చెట్టెక్కడమే రానివాళ్ళకు కొమ్మ మీద పెత్తనం ఏమిటి?"

గిజిగాడు నోరు వెళ్ళబెట్టాడు. "నిజమే చెల్లీ! ఇన్నాళ్ళూ మోసుకుని కిందికి దిగింది మనమే కదా!"

కొమ్మ మీదే బేరం కుదిరింది. గువ్వకు సరిపోయేలా వెడల్పుగా అల్లాడు. అది చూసి వడ్రంగిపిట్ట తొర్రలు చెక్కి ఇస్తానంది, కొంగ చేపలు తెచ్చింది. నచ్చినవాళ్ళు ఇచ్చిపుచ్చుకున్నారు, నచ్చనివాళ్ళు వద్దన్నారు.

"ఎవరిచ్చారు అనుమతి?" అని కింద నక్క ఎగిరెగిరి పడింది. ఎవరూ వినలేదు. వాన మొదలైంది. నక్క వణుకుతూ, "నాకూ ఒకటి అల్లవయ్యా" అంది.

"దానికేం, అల్లుతా. ఏం తెచ్చావు?" అన్నాడు గిజిగాడు.

నక్క పాగా విప్పి చూసుకుంది. ఏమీ లేదు. "ఉపన్యాసం చెబుతాను" అంది.

పైన గూట్లో, పొడిగా, గువ్వ పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చింది.

కాబట్టి పిల్లలూ, గూడు కోసం ఏలికల్ని మారుస్తూ కూర్చోకండి; కష్టపడి చేసింది ఇష్టపడి ఇచ్చిపుచ్చుకునే స్వేచ్ఛే గూడు నిలబెడుతుంది.