విత్తనపు గుమ్మడిలో దీపం

కార్తీక పున్నమి నాడు శివయ్య పేరు చెప్పుకుని ఒక్క వత్తి వెలిగించినా మనసు చల్లబడుతుంది. ఆ నమ్మకం గుండెలో ఉంచుకునే ఈ కథ వినండి తల్లీ. వెనకున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి.

సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఊరికీ కెరటాలకీ మధ్య సరుగుడు తోపు. ఆ తోపులో జంతువులన్నీ తలా కాస్త ఇసుక నేల చదును చేసుకుని బతికేవి. మనకు మల్లేనే వాటికీ పున్నమికి దీపాల పండగ. ఎవరి పాదున కాసిన కాయలో వాళ్ళే దీపం పెట్టి, మునిమాపువేళ ఉప్పుటేటిలో వదలాలి. అడిగి తెచ్చుకున్న కాయ పనికిరాదు.

అక్కడ పోలన్న అని ఒక ముసలి ఎద్దు. ఇసుకలో తవ్వుకున్న దొరువు గుంట నీళ్ళు పోసి గుమ్మడి పెంచేవాడు. ఉప్పుగాలికి ఓర్చి కాసే గుమ్మడి ఆ తీరాన అదొక్కటే. ఏటా తోపంతటికీ గింజలు పంచేవాడు. మేక ఇంటి పాదైనా కోడిపెట్ట ఇంటి పాదైనా ఆ గింజ మొలిచిందే.

ఆ ఏడు తుఫాను పాదుల్నీ దాచిన గింజల్నీ ఊడ్చుకుపోయింది. మిగిలింది పోలన్న పాదున ఒకే ఒక్క కాయ. దాన్ని విత్తనానికని పాక మీద పెట్టుకున్నాడు. వచ్చే ఏటి తిండంతా అందులోనే ఉంది.

పండగ రోజు నక్క వచ్చింది. దానికి పాదు లేదు, పని లేదు, నోరు మాత్రం ఉంది.

“పోలన్న బావా, ఈ ఏడు నీ దీపం లేనట్టేనా?”

“కాయ లేదుగా. ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టుకుంటాను.”

“మరి పాక మీదున్నదేమిటి?”

“అది విత్తనం కాయ.”

నక్క చెంపలు వేసుకుంది. “అందరి పాదులూ పోయి నీ కాయ ఒక్కటే నిలిచిందంటే, నిలిపిందెవరు? ఆయనకే చూపించకుండా దాచుకుంటావా? నాకెందుకులే, నేను అసలే పాపిని.”

ఆ మాట పోలన్న గుండెలో ముల్లులా దిగింది. పక్కనే ఇసుక కెలుకుతున్న కోడిపెట్ట తలెత్తింది.

“ఈ ఏటికి దీపం మానెయ్యి మావా. శివయ్య ఏమీ అనుకోడు. గింజ లేకపోతే మేమనుకుంటాం.”

“గింజలు ఏరుకు తినేదానివి, నీకు గింజలే కనిపిస్తాయి,” అంది నక్క. అని, పోలన్న చెవి దగ్గరికి చేరి, కాయ తానే తొలిచి పెడతానంది. గింజలు కడిగి, బూడిద పట్టించి, తానే ఆరబెడతానంది. నువ్వు నిశ్చింతగా దీపం చూసుకుని రమ్మంది.

“నీకు శ్రమ కాదూ?” అన్నాడు పోలన్న. అమాయకత్వానికి కొమ్ములుంటాయంటే అవే.

ఆ సాయంత్రం ఏరు చూడాలి తల్లీ! ఊరివాళ్ళు వదిలిన కొబ్బరి చిప్పల దీపాలు, ఉసిరికాయల దీపాలు, వాటి మధ్య చంద్రుడికి తమ్ముడిలా గుమ్మడి దీపం. మేక కళ్ళొత్తుకుంది. జన్మ తరించిందనుకున్నాడు పోలన్న. కోడిపెట్ట మాత్రం ఏటి వైపు చూడలేదు.

“మావా, గింజలెవరి దగ్గరున్నాయి?”

వయసు మరిచి పరుగెత్తాడు. పాక ముందు నక్క మూతి నాకుకుంటోంది.

“గింజలేవి?”

“గుజ్జు వదలాలని నోట్లో వేసుకున్నాను బావా. ఆ తర్వాత నోరు నా మాట వినలేదు. అయినా దేవుడికిచ్చింది మళ్ళీ అడగకూడదు.”

పోలన్న మూతితో ఇసుకంతా వెతికాడు. నమిలిన పొట్టు దొరికింది.

తొలకరి పడింది. అలవాటు చొప్పున అందరూ గింజల కోసం పోలన్న పాక ముందుకొచ్చి నిలబడ్డారు. గింజల్లేవని తెలిసి తలలు దించుకున్నారు. తిట్టినా బాగుండేది. పిల్లల్ని వెంటబెట్టుకుని, తోపు వదిలి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కోడిపెట్ట రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

అందరూ పోయాక నక్క వచ్చింది, డొక్కలెండిపోయి.

“ఈ ఏడు గుమ్మడి ఎక్కడ పెట్టావు బావా?”

“నీ కడుపులో పెట్టాను. మొలిచిందేమో చూసుకో,” అన్నాడు పోలన్న, బోడి ఇసుక వైపు చూస్తూ.

దీపాన్ని తప్పుపట్టకండి తల్లీ. దేవుడు వత్తి అడుగుతాడు గానీ, విత్తనం అడగడు.